కారులో ఒకటే సాకెట్, ఇంట్లో నాలుగు రకాల ఫోన్లు: ఏ ఛార్జర్ తీసుకోవాలి?

ఉప్పల్_టు_సిక్కోలు:

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం కారులో వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ మీదుగా రోజంతా రోడ్డు మీదే. బండి 2018 మోడల్ హ్యాచ్‌బ్యాక్, గేర్ దగ్గర ఒక లైటర్ సాకెట్, మ్యూజిక్ సిస్టమ్ కింద ఒక యూఎస్‌బీ పోర్టు, అంతే. వెనక సీట్లకు ఏమీ లేదు. ఆ యూఎస్‌బీకి ఫోన్ పెట్టి మ్యాప్స్ ఆన్ చేస్తే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తుంది గానీ శాతం మాత్రం తగ్గుతూనే ఉంటుంది.

ఫోన్ల సంగతి. నాది వన్‌ప్లస్ నార్డ్, ఎర్ర కేబుల్‌తో వచ్చింది, 67 వాట్లు. మా ఆవిడది ఐఫోన్ 13. నాన్నది శాంసంగ్ ఏ54, 25 వాట్లు అంటారు, ఛార్జర్ డబ్బాలో రాలేదు, ఇంట్లో ఏదో పాత ఛార్జర్‌తోనే నెట్టుకొస్తున్నారు. అమ్మది పాత కీప్యాడ్ ఫోన్, సన్న పిన్ను.

కోఠిలో ఒక షాపులో 350 రూపాయలకు ఆరు పోర్టుల ఛార్జర్ చూపించారు, డబ్బా మీద 120 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. అంత పవర్ ఉన్నది పెడితే నాన్న ఫోన్, అమ్మ ఫోన్ పాడవుతాయేమోనని ఒక టెన్షన్, అసలు అంత తక్కువ ధరకు అంత పవర్ ఎలా వస్తుందని ఇంకో అనుమానం. అందరికీ పనికొచ్చే ఒకటి తీసుకోవాలా, ఎవరిది వాళ్లకు వేరుగా తీసుకోవాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కోనసీమ_ఆటో_ఎలక్ట్రికల్:

ముందు మీ బండిలో ఉన్న యూఎస్‌బీ గురించి చెప్తానండి. అది పాటల పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి ఇచ్చిన పోర్టు. మామూలు యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లే. మ్యాప్స్ నడుస్తూ, ఎండలో స్క్రీన్ పూర్తి వెలుతురు మీద ఉండి, డేటా, జీపీఎస్ రెండూ పనిచేస్తుంటే ఫోను అంతకంటే ఎక్కువే తినేస్తుంది. అందుకే ఛార్జింగ్ గుర్తు ఉన్నా శాతం దిగుతోంది. ఆ పోర్టులో లోపమేమీ లేదు, దాన్ని ఛార్జింగ్‌కి మర్చిపోండి.

ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే ఫోన్ పాడవుతుందన్న భయం అక్కర్లేదండి. ఛార్జర్ మీద రాసింది అది ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎంత తీసుకోవాలో ఫోనే నిర్ణయించుకుంటుంది. వైరు పెట్టగానే మొదట 5 వోల్టులే వస్తాయి, తర్వాత ఫోనూ ఛార్జరూ ఆ వైరులోనే సంకేతాలు పంపుకుని 9 వోల్టులా, 11 వోల్టులా, ఎన్ని ఆంప్స్ అని తేల్చుకుంటాయి. మీ అమ్మగారి కీప్యాడ్ ఫోన్‌కి ఆ సంకేతాలేవీ తెలియవు కాబట్టి దానికి 5 వోల్టులే వెళ్తాయి, తనకు కావలసిన అర ఆంపియరో ముప్పావో అది తీసుకుంటుంది, అంతే.

కానీ ఆ 350 రూపాయల 120 వాట్ల డబ్బా వద్దు. మీ బండి లైటర్ సాకెట్ మూత తీసి చూడండి, చాలా బండ్లలో అక్కడే 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. అంటే సాకెట్‌కే 10 ఆంప్స్ హద్దు. దాన్నంతా ఒక్క ఛార్జర్‌తో లాగి ఆరు పోర్టులకు పంచాలంటే లోపల మంచి కాయిల్, మంచి ఐసీ (వోల్టేజీని అదుపు చేసే చిప్), వేడి బయటకు పోయే దారి ఉండాలి. ఆ ధరకు అవి రావు. ఇలాంటివి విప్పి చూస్తే ఆరు పోర్టులకూ కలిపి ఒకే చిన్న ఐసీ, ఒక్కోసారి వైర్లు కూడా సరిగా సోల్డర్ చేసి ఉండవు. బండి స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ ఒక్కసారి కిందికి పడుతుంది, ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టుల దాకా ఉంటుంది, మధ్యలో ఏసీ, హారన్, లైట్ల వల్ల ఎగుడుదిగుడులు. ఆ ఒడిదుడుకులన్నీ తట్టుకుని ఫోన్‌కి నికరంగా ఒకే వోల్టేజీ పంపించడం కారు ఛార్జర్ అసలు పని. డబ్బు పెట్టేది దానికి.

ఇంకో ముఖ్యమైన మాట. లాంగ్ డ్రైవ్ అంటున్నారు కాబట్టి టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు కూడా వెంట ఉంటుందనుకుంటాను. అది ఒక్కటే పది ఆంప్స్ దగ్గరికి లాగుతుంది. ఒకే సాకెట్‌కి స్ప్లిటర్ పెట్టి ఇటు పంపు, అటు ఛార్జర్ నడిపితే ఫ్యూజ్ పోతుంది. గాలి కొట్టేటప్పుడు ఛార్జర్ పీకేయండి. ఫ్యూజ్ పోతే అదే ఆంప్స్‌ది వెయ్యండి, పెద్దది వెయ్యకండి, రేకు ముక్క అస్సలు పెట్టకండి. అలా పెట్టిన బండ్లు వైరింగ్ కాలిపోయి మా దగ్గరికి వస్తుంటాయి. ఫ్యూజ్ ఉన్నది తీగను కాపాడటానికి, తీగ పోతే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి.

మియాపూర్_క్యాబ్:

అన్నా, నేను క్యాబ్ నడుపుతా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్ ఛార్జర్ మీదనే ఉంటది. నా అనుభవంలో వాట్లకంటే ముందు చూసుకోవాల్సింది రెండు: సాకెట్‌లో ఛార్జర్ గట్టిగా కూర్చుంటుందా లేదా, కేబుల్ మంచిదా కాదా. లూజ్‌గా ఉంటే గుంతల రోడ్డు మీద ప్రతి కుదుపుకీ ఛార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతుంది, ఫోన్ టింగు టింగుమంటూ ఉంటుంది. ఆ లూజ్ కాంటాక్ట్ దగ్గరే వేడెక్కి ముందున్న పిన్ను నల్లబడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. షాపులో కొనేటప్పుడే బండి దగ్గరికి తెచ్చి పెట్టి చూడు, చేతితో పక్కకు ఆడిస్తే కదలొద్దు. బాడీ లోహంతో ఉన్నది, పొట్టిగా సాకెట్‌లోకి దిగిపోయేది అయితే మంచిది, పొడుగ్గా బయటికి ఉంటే గేర్ వేసేటప్పుడు చెయ్యి తగులుతుంది.

మే నెల అంటున్నావు, ఎండ సంగతి ముఖ్యం. ఫోన్‌ని అద్దానికి అంటించే హోల్డర్‌లో పెట్టి, పైన ఎండ కొడుతూ, కింద ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే కాసేపటికే ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ తనంతట తనే తగ్గించేస్తుంది. ఐఫోన్ అయితే ఛార్జింగ్ ఆపేసి, చల్లబడ్డాక మొదలుపెడతానని స్క్రీన్ మీదే చెప్తుంది. యాపిల్ వాళ్లు కూడా 35 డిగ్రీల లోపు వాడమనే చెప్తారు, మే నెలలో విజయవాడ దగ్గర నీడలోనే అంతకంటే ఎక్కువ. అప్పుడు 67 వాట్ల ఛార్జర్ పెట్టినా 20 వాట్లది పెట్టినా తేడా తెలియదు. ఏసీ గాలి వచ్చే చోట క్లిప్ పెట్టే హోల్డర్ తీసుకో, చల్లగాలి ఫోన్ వెనక తగులుతుంది, ఛార్జింగ్ ఆగదు. నేను హోల్డర్ మార్చిన తర్వాతే నా బాధ తీరింది, ఛార్జర్ పాతదే.

వైర్‌లెస్ ఛార్జింగ్ హోల్డర్లు చూడ్డానికి బాగుంటయి గానీ ఎండాకాలం వద్దన్నా. వైరు కంటే ఎక్కువ వేడి పుట్టిస్తయి. పైగా మీ నాలుగు ఫోన్లలో ఐఫోన్‌కి ఒక్కదానికే పనికొస్తది.

ఉప్పల్_టు_సిక్కోలు:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఆ ఆరు పోర్టులది వదిలేశాను. ఆన్‌లైన్‌లో రెండు చూశాను. మొదటిదాని లేబుల్ మీద టైప్-సి పోర్టుకి పీడీ 20 వాట్లు, పక్కన యూఎస్‌బీ-ఎ పోర్టుకి క్యూసీ 3.0, 18 వాట్లు అని ఉంది. రెండోది నాలుగు వందలు ఎక్కువ. అందులో టైప్-సి 33 వాట్లు, లేబుల్ కింద చిన్న అక్షరాల్లో పీపీఎస్ 3.3 నుంచి 11 వోల్టులు, 3 ఆంప్స్ అని ఉంది, యూఎస్‌బీ-ఎ అదే 18 వాట్లు, మొత్తం 51 వాట్లు. ఆ పీపీఎస్ అన్నదానికి నాలుగు వందలు ఎక్కువ పెట్టొచ్చా? నా వన్‌ప్లస్‌కి ఈ రెండిట్లో ఏదైనా 67 వాట్లు ఇస్తుందా?

టైప్‌సి_శారద:

ఆ నాలుగు వందలు మీ నాన్నగారి ఫోన్ కోసం పెట్టండి. శాంసంగ్ 25 వాట్ల సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్ పీపీఎస్ ఉంటేనే వస్తుంది. పీడీ అంటే టైప్-సిలో చాలా కంపెనీలు వాడే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి, క్యూసీ అంటే క్వాల్‌కామ్ వాళ్ల పద్ధతి, పీపీఎస్ పీడీలోనే ఒక అదనపు సౌకర్యం. మామూలు పీడీలో వోల్టేజీ 5, 9, 15, 20 ఇలా మెట్లు మెట్లుగా ఉంటుంది. పీపీఎస్ ఉంటే ఫోన్ తన బ్యాటరీకి ఆ క్షణంలో కావలసినంతే అడుగుతుంది, 20 మిల్లీవోల్టుల తేడాతో కూడా మార్పించుకుంటుంది. అలా మార్చే పని ఛార్జర్‌లోనే జరిగిపోతుంది కాబట్టి ఫోన్ లోపల వేడి తక్కువ పుడుతుంది, పైన చెప్పిన మే నెల ఎండకు అది చాలా పెద్ద లాభం. పీపీఎస్ లేని ఛార్జర్ పెడితే ఏ54 పాడేమీ కాదు, 15 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్‌కి దిగుతుంది. స్క్రీన్ మీద "సూపర్ ఫాస్ట్" అని వస్తుందా, ఉత్త "ఫాస్ట్" అని వస్తుందా చూస్తే మీకే తెలిసిపోతుంది. గూగుల్ పిక్సెల్ వాళ్లకు కూడా పీపీఎస్ ఉన్నది కొనమనే చెప్తాను.

ఐఫోన్ 13కి పీపీఎస్ అవసరం లేదు, పీడీ 20 వాట్లు సరిపోతాయి, యాపిల్ లెక్కలో అరగంటలో సగం దాకా ఎక్కుతుంది. కాకపోతే కేబుల్ టైప్-సి నుంచి లైట్నింగ్‌ది ఉండాలి, ఆ ఫోన్ డబ్బాలో వచ్చింది అదే. పాత యూఎస్‌బీ-ఎ నుంచి లైట్నింగ్ కేబుల్ పెడితే ఎంత పెద్ద ఛార్జర్ అయినా 12 వాట్లు దాటదు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్-సి వచ్చింది కాబట్టి వాళ్లకు ఈ గొడవ లేదు.

వన్‌ప్లస్ విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. సూపర్‌వూక్ అన్నది వాళ్ల సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి, పీడీ కాదు, క్యూసీ కాదు. ఒప్పో, రియల్‌మీలు కూడా ఆ కుటుంబానివే. 65 వాట్ల రకంలో 10 వోల్టులకు 6.5 ఆంప్స్, 80 వాట్ల రకంలో 11 వోల్టులకు 7.3 ఆంప్స్ వెళ్తాయి. అన్ని ఆంప్స్ మోసేలా ఉండాలి కాబట్టే ఆ ఎర్ర కేబుల్ లావుగా ఉంటుంది. మామూలు కేబుల్ 3 ఆంప్స్‌కి తయారు చేసింది. అంటే మూడూ వాళ్లవే ఉండాలి: ఫోన్, కేబుల్, ఛార్జర్. మామూలు పీడీ ఛార్జర్ మీద కొన్ని మోడళ్లు 18 వాట్ల దాకా తీసుకుంటాయి, కొన్ని 10 వాట్ల దగ్గరే ఆగిపోతాయి.

ఇక్కడ చాలామంది సూపర్‌వూక్ కారు ఛార్జరే కొనమంటారు, నేను మీకు చెప్పను. మీరు రోజంతా బండిలోనే కూర్చుని ఉంటారు, ఫోన్ మ్యాప్స్ చూపిస్తూ ఉంటుంది. పది వాట్లు వచ్చినా మ్యాప్స్ నడుస్తూనే శాతం పెరుగుతుంది, విజయవాడ చేరేసరికి నిండుతుంది. అరగంట మాత్రమే బండి నడిపి దిగిపోయేవాళ్లకు ఆ 67 వాట్లు విలువైనవి. రోజూ ఆఫీసుకు అలా వెళ్లేవారైతే అప్పుడు ఆలోచించండి.

కోనసీమ_ఆటో_ఎలక్ట్రికల్:

శారద గారు చెప్పినదాంతో ఏకీభవిస్తున్నానండి, ఒక్క దగ్గర కలపాలి. లేబుల్ మీద రెండు పోర్టులూ కలిపి వాడితే ఎంత అన్నది కూడా చూడమనండి. చవక రకాల్లో రెండు పోర్టులకూ ఒకే ఐసీ ఉంటుంది. ఒక ఫోన్ పెడితే 9 వోల్టులు ఇస్తుంది, రెండో ఫోన్ పెట్టగానే రెండూ 5 వోల్టులకు పడిపోతాయి, రెండు ఫోన్లకీ ఫాస్ట్ ఛార్జింగ్ పోతుంది. లేబుల్‌లో ఇది "రెండు పోర్టులు: 5 వోల్టులు" అన్నట్టు ఎక్కడో మూలన రాసి ఉంటుంది. పోర్టు పోర్టుకీ వాట్లు విడిగా రాసి, మొత్తం ఆ రెండిటి కూడికకు సమానంగా ఉంటే నయం. మీరు చెప్పిన రెండోదానిలో 33, 18 కలిపితే 51 సరిపోయింది, కాబట్టి అది విడివిడిగా ఇచ్చేదే అయి ఉండాలి.

టైప్‌సి_శారద:

అవును, ఆ మాట నేను వదిలేశాను, చాలా అవసరమైనదే. పరీక్ష కూడా సులువు. నాన్నగారి ఫోన్ టైప్-సికి పెట్టి "సూపర్ ఫాస్ట్" వచ్చాక, మీ ఫోన్ యూఎస్‌బీ-ఎకి పెట్టండి. రెండో ఫోన్ పెట్టినప్పుడు మొదటిది ఒక క్షణం ఆగి మళ్లీ మొదలైతే కంగారు పడొద్దు, మళ్లీ లెక్క తేల్చుకుంటున్నాయి. తర్వాత కూడా "సూపర్ ఫాస్ట్" ఉంటే మంచి ఛార్జర్. "ఛార్జింగ్" అని ఉత్తగా మిగిలితే రిటర్న్ పెట్టేయండి.

అమ్మగారి కీప్యాడ్ ఫోన్‌కి యూఎస్‌బీ-ఎ నుంచి సన్న పిన్ను కేబుల్ ఎలాగూ ఉంటుంది, అది పెట్టుకోవచ్చు. అందుకే రెండూ టైప్-సి ఉన్న ఛార్జర్ మీకు వద్దు. ఇంకో కారణం కూడా ఉంది. చవక నెక్‌బ్యాండ్లు, చిన్న ఫ్యాన్లు కొన్ని టైప్-సి పోర్టుతో వస్తాయి గానీ రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ అవ్వవు. టైప్-సి ఛార్జర్ అవతల ఒక రెసిస్టర్ కనబడితేనే కరెంటు వదులుతుంది, వీటిలో ఆ రెండు రెసిస్టర్లూ పెట్టరు. వస్తువు చెడిపోయిందని అనుకుంటాం, యూఎస్‌బీ-ఎ కేబుల్ పెడితే వెంటనే ఎక్కుతుంది.

పాటలు_ఎఫ్ఎమ్:

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. కొన్ని ఛార్జర్లు పెట్టగానే ఎఫ్ఎమ్‌లో గరగర మొదలవుతుంది, ఊరి బయట స్టేషన్ బలహీనంగా ఉన్నచోట అసలు వినబడదు. లోపల వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ సెకనుకు లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతుంటుంది, దానికి సరైన ఫిల్టర్ పెట్టకపోతే ఆ రొద యాంటెనాలోకి వస్తుంది. పెట్టిన వెంటనే రేడియో ఆన్ చేసి రెండు మూడు స్టేషన్లు తిప్పి చూడండి. ఆక్స్ వైరుతో పాటలు పెట్టి అదే ఫోన్ ఛార్జింగ్‌కి పెడితే ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత వస్తుంది, అది వేరే సమస్య, బ్లూటూత్‌లో పాటలు పెట్టుకుంటే పోతుంది.

ఉప్పల్_టు_సిక్కోలు:

రెండోదే ఆర్డర్ పెట్టాను, పీపీఎస్ ఉన్నది. వెనక సీటు దాకా రావాలని రెండు మీటర్ల టైప్-సి కేబుల్ ఒకటి నాన్నకి తీసుకుంటున్నా. దాంట్లో 60 వాట్లు, 100 వాట్లు అని రెండు రకాలున్నాయి, ఏది? ఇంకొకటి, మా బండిలో తాళం తీసేసినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది, ఛార్జర్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ దిగిపోతుందా?

టైప్‌సి_శారద:

60 వాట్లది చాలు. అది 3 ఆంప్స్ కేబుల్, ఏ54 అంతకు మించి తీసుకోదు. 100 వాట్ల దానిలో 5 ఆంప్స్ మోయగలనని చెప్పే చిన్న చిప్ ఉంటుంది, అది ల్యాప్‌టాప్‌లకు, శాంసంగ్‌లో 45 వాట్ల ఎస్ సిరీస్ పెద్ద ఫోన్లకు కావాలి. మీకు వద్దు.

కోనసీమ_ఆటో_ఎలక్ట్రికల్:

ఆ లైటుకూ లోపలి సర్క్యూట్‌కూ పోయేది కొద్ది మిల్లీ ఆంప్స్ మాత్రమే, రోజూ తిరిగే బండికి లెక్కలోకి రాదండి. శ్రీకాకుళంలో వారం పది రోజులు బండి తీయకుండా ఉంచేటట్లయితే మాత్రం పీకి గ్లవ్‌బాక్స్‌లో పడేయండి, పాత బ్యాటరీలకు ఆ కొంచెం కూడా భారమే. ఫోన్లు, పవర్ బ్యాంకులు మాత్రం ఎండలో ఆపిన బండిలో వదలకండి, గ్లవ్‌బాక్స్‌లో కూడా వద్దు. అద్దాలు మూసిన బండిలో 60 డిగ్రీలు దాటడం మామూలే, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది.

మధురవాడ_లారీ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మాది లారీ, 24 వోల్టుల బ్యాటరీ. ఈ కారు ఛార్జర్లే మాకు పనికొస్తాయా?

కోనసీమ_ఆటో_ఎలక్ట్రికల్:

లేబుల్ మీద ఇన్‌పుట్ దగ్గర 12 నుంచి 24 వోల్టులు అని రాసి ఉంటేనే పెట్టండి. ఉత్త 12 వోల్టులు అని ఉన్నది పెడితే ఛార్జర్ కాలిపోతుంది, దాంతో పాటు ఫోన్ కూడా పోవచ్చు. లారీలో ఇంజిన్ నడుస్తుంటే 28 వోల్టుల దాకా వస్తుంది కాబట్టి 30 లేదా 32 వోల్టులు తట్టుకుంటుందని రాసి ఉంటే ఇంకా మంచిదండి.